తాజా కాఫీ కానుక: ఏది కొనాలి, ఎప్పుడు ఇవ్వాలి, ఎలా దాచాలి

కాఫీ అంటే ప్రాణం పెట్టే మనిషికి కొత్తగా వేయించిన గింజలు ఇవ్వడం చాలా మంచి ఆలోచన. అలమరలో ఏళ్ల తరబడి పడి ఉండదు, రోజూ పొద్దున్నే వాడకంలోకి వస్తుంది, ఇచ్చినవాళ్లు గుర్తుకొస్తారు. ఒక్కటే చిక్కు, ఈ కానుకకు వయసుంటుంది. చీరనో పుస్తకాన్నో నెల ముందు కొని బీరువాలో పెట్టుకున్నట్టు కాఫీని పెట్టుకోలేం. వేయించిన రోజు నుంచే అది మారుతూ ఉంటుంది. మొదట కొన్నాళ్లు రుచి కుదురుకుంటుంది, తర్వాత కొన్ని వారాలు మంచి ఊపులో ఉంటుంది, ఆపైన నీరసిస్తుంది. ఆ మంచి వారాలు పుచ్చుకున్నవాళ్ల వంటింట్లో గడవాలి. మీ ఇంట్లోనో కొరియర్ గోదాములోనో గడిచిపోతే ఎంత గొప్ప గింజ కొన్నా లాభం లేదు. అందుకే ఏ దేశపు కాఫీ, ఎంత ముదురు రోస్ట్, ఎలాంటి ప్యాకెట్ అనే ప్రశ్నలన్నిటికంటే ముందు నేను అడిగేది ఒక్కటే: ఎప్పుడు వేయించారు, ఎప్పుడు తెరుస్తారు?

వేయించాక గింజలో ఏం జరుగుతుంది

పచ్చి కాఫీ గింజలో సుమారు 10 నుంచి 12 శాతం తేమ ఉంటుంది. 200 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల వేడిలో వేయిస్తే ఆ తేమలో చాలా భాగం ఎగిరిపోతుంది, గింజ ఉబ్బి గుల్లబారుతుంది, లోపలి చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి రంగునూ పరిమళాన్నీ పుట్టిస్తాయి. ఆ పరిమళంలో వందల రకాల పదార్థాలున్నాయి. వాటిలో చాలా ముఖ్యమైన ఫర్ఫురైల్ థయాల్‌ను 1920లలోనే టాడియస్ రైక్‌స్టైన్, హెర్మన్ స్టౌడింగర్ కాఫీలో పట్టుకున్నారు. తర్వాతి కాలంలో వేరే పరిశోధనలకు ఇద్దరికీ నోబెల్ బహుమతులొచ్చాయి. కొత్త ప్యాకెట్ విప్పగానే గది నిండే ఆ వేయించిన వాసనలో ఈ రకం గంధక పదార్థాల వాటా పెద్దది. అవే చాలా సున్నితమైనవి కూడా. గాలి తగిలితే త్వరగా చెదిరిపోయేవాటిలో అవి ముందుంటాయి.

వేయించేటప్పుడు పరిమళంతో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా గింజ లోపల పోగవుతుంది. కిలో గింజల్లో కొన్ని లీటర్ల వాయువు ఉంటుంది. మొదటి రోజుల్లో అది జోరుగా, తర్వాత వారాల పాటు నిదానంగా బయటికి వస్తుంది. దీనివల్ల మంచీ ఉంది, చెడూ ఉంది. లోపలి నుంచి వాయువు వస్తున్నంతకాలం బయటి ఆక్సిజన్ గింజలోకి చొరబడటం కష్టం, ఇది మంచి. కానీ మరీ ఎక్కువ వాయువున్న పొడి మీద వేడినీళ్లు పోస్తే బుసబుసమని పొంగి, నీళ్లను సరిగ్గా పీల్చుకోనివ్వదు. సారం పూర్తిగా దిగదు, రుచి పదునుగా, ఎక్కడో వెలితిగా ఉంటుంది. కాబట్టి ఈ పొద్దున వేయించిన గింజ ఈ సాయంత్రమే తాగితే గొప్పగా ఉంటుందనుకోవడం సరికాదు.

ఎన్నాళ్లు ఆగాలనేది కాచే పద్ధతిని బట్టి ఉంటుంది. ఫ్రెంచ్ ప్రెస్ (పొడిని వేడినీళ్లలో నానబెట్టి జల్లెడతో కిందికి నొక్కే పాత్ర), పోర్ ఓవర్ (వడపోత కాగితంలోని పొడి మీద చేత్తో నీళ్లు పోయడం) లాంటివాటికి వేయించిన 4, 5 రోజుల నుంచి బాగుంటుంది. ఎస్ప్రెస్సోకు వారం, దోర రోస్ట్ (తక్కువగా వేయించిన గింజ) అయితే రెండు వారాలు ఆగినా మంచిదే. ఒత్తిడి పెట్టి కాచేటప్పుడు మిగిలిన వాయువు ఎక్కువ ఇబ్బంది పెడుతుంది మరి. మూసిన మంచి ప్యాకెట్లో గింజగా ఉంటే వేయించిన నెలా నెలన్నర దాకా ధీమాగా వాడుకోవచ్చు. ప్యాకెట్ విప్పాక రెండు మూడు వారాల్లో ముగించడం మేలు. ఆ తర్వాత తాగితే ప్రమాదమేమీ లేదు, రుచిలో జీవం తగ్గుతుందంతే.

ఇక తేదీ లెక్క వేయడం తేలిక. కానుక ఇచ్చేది 20వ తేదీన అనుకుందాం. రోస్టర్, అంటే గింజలు వేయించి అమ్మేవాళ్లు, 13న వేయించి 14న పంపితే, కొరియర్‌కు మూడు రోజులు తీసేసినా 17కు మీ చేతికొస్తుంది. 20న వాళ్లు విప్పేసరికి గింజ వయసు వారం. ఫ్రెంచ్ ప్రెస్ వాడేవాళ్లకు అప్పటికే సిద్ధం, ఎస్ప్రెస్సో వాళ్లకు దాదాపు సిద్ధం. చాలామంది రోస్టర్లు వారంలో కొన్ని రోజులే వేయిస్తారు, కాబట్టి ఆర్డర్ పెట్టే ముందు ఏ రోజు వేయిస్తారో అడగండి. పండగల ముందు రద్దీ ఉంటుంది, రెండు మూడు రోజులు అదనంగా పట్టుకోండి. సరుకు ముందే వచ్చేస్తే ఇచ్చేదాకా ప్యాకెట్ విప్పకుండా చల్లటి చీకటి మూలన ఉంచండి. ఎండలో నిలిపిన కారులో మాత్రం వదిలేయకండి.

ప్యాకెట్ మీద వేయించిన తేదీ లేకుండా, ఫలానా నెలలోగా వాడండి అన్న గడువు ఒక్కటే ఉంటే ఆ కాఫీ కానుకకు పనికిరాదనే అంటాను. ఆ గడువు ఏడాదికో ఏడాదిన్నరకో పెట్టి ఉంటారు. దాన్ని చూసి గింజ వయసు వారమో ఎనిమిది నెలలో చెప్పలేం. ఇంట్లో వాడుకోవడానికి సర్దుకుపోవచ్చు. తాజా కాఫీ అని చెప్పి ఇచ్చేటప్పుడు అది నిజంగా తాజాగా ఉండాలి కదా.

గింజలా, పొడా?

అన్నిటికంటే పెద్ద ఎంపిక ఇది. పొరపాట్లు ఎక్కువగా జరిగేదీ ఇక్కడే.

గింజను పొడి చేస్తే గాలికి తగిలే వైశాల్యం ఎన్నో రెట్లు పెరుగుతుంది. గింజలో వారాల పాటు నిలిచే వాయువులో సగానికి పైగా పొడి కొట్టిన కాసేపట్లోనే పోతుంది, దాంతో పాటే తేలికపాటి పరిమళాలూ పోతాయి. పైగా లోపలి నూనెలకు ఆక్సిజన్ తగలడం మొదలవుతుంది. కార్డెల్లి, లబూజా అనే ఇద్దరు పరిశోధకులు పొడి కాఫీ నిలవ కాలాన్ని పరీక్షించి 2001లో ఫలితాలు ప్రచురించారు. ఆక్సిజన్ బాగా తక్కువగా ఉన్న స్థితి నుంచి మామూలు గాలిలో ఉండేంతకు పెంచితే పొడి పాడయ్యే వేగం 20 రెట్లు పెరిగిందని తేల్చారు. తేమ, వేడి కూడా చెరుపు చేశాయి గానీ ఆక్సిజన్ ముందు వాటి ప్రభావం చిన్నదే. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే ప్యాకెట్ దగ్గర నుంచి డబ్బా దాకా మిగతా ఎంపికలన్నీ సులువవుతాయి.

అయితే గింజలే ఇవ్వాలా? వాళ్లింట్లో కాఫీ గ్రైండర్ ఉంటే నిస్సందేహంగా గింజలే. లేకపోతే గింజలు ఇవ్వకండి. మంచి గింజల ప్యాకెట్ తీసుకుని, దాన్ని పొడి చేసే దారి లేక నెలల తరబడి అలమరలో పెట్టుకునే ఇళ్లు చాలా ఉంటాయి. పచ్చళ్లకు వాడే మిక్సీలో వేస్తే పొడి కొంత పలుకులుగా, కొంత పిండిలా వస్తుంది. పిండి చేదునిస్తే, పలుకులు పులుపునిస్తాయి. పైగా మిక్సీలో మసాలా వాసన ఉంటే అది కాఫీకి పడుతుంది.

గ్రైండర్ లేని ఇంటికి నా దృష్టిలో మూడు దారులున్నాయి. వాళ్లు కాచే పద్ధతికి తగ్గట్టు రోస్టర్ చేతే పొడి కొట్టించి చిన్న ప్యాకెట్లుగా ఇవ్వడం మొదటిది. ఒక ప్యాకెట్ వారంలో అయిపోయేలా ఉంటే పొడి కూడా చక్కగానే ఉంటుంది. డ్రిప్ బ్యాగులు రెండోది. ఒక్కో కప్పుకు సరిపడా పొడిని కాగితపు సంచీలో పెట్టి విడివిడిగా మూసి అమ్ముతారు, కప్పు అంచులకు తగిలించి వేడినీళ్లు పోస్తే చాలు. మంచి తయారీదారులు లోపల నైట్రోజన్ నింపుతారు కాబట్టి పొడి అయినా నెలల పాటు బాగుంటుంది. ఆఫీసులో తాగేవాళ్లకు, హాస్టల్లో ఉండే పిల్లలకు, ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్లకు దీన్ని మించింది లేదు. మూడోది గింజలతో పాటు చేతితో తిప్పే చిన్న మర కూడా ఇవ్వడం. ఖర్చు పెరుగుతుంది, కానీ కాఫీ మీద నిజంగా మోజున్న మనిషికి ఆ మర ఏళ్ల తరబడి పనికొస్తుంది. కొనేటప్పుడు బ్లేడు తిరిగే రకం కాకుండా గింజను రెండు పళ్ల చక్రాల మధ్య నలిపే బర్ రకం తీసుకోండి. బ్లేడు గింజను అడ్డదిడ్డంగా నరుకుతుంది, బర్ ఒకే పరిమాణంలో నలుపుతుంది.

పొడి ఇవ్వాలనుకుంటే వాళ్ల దగ్గరున్న సామాను తెలియాలి. ఫ్రెంచ్ ప్రెస్‌కు ముతక పొడి కావాలి, పోర్ ఓవర్‌కూ మామూలు డ్రిప్ మెషీన్‌కూ మధ్యస్థంగా, పొయ్యి మీద పెట్టి కాచే మోకా పాట్‌కు ఇంకా సన్నగా. ఎస్ప్రెస్సో మెషీన్ ఉన్నవాళ్లకు పొడి ఇవ్వనే వద్దు. ఆ పద్ధతిలో పొడి సన్నదనం రవ్వంత తేడా వచ్చినా కాఫీ పాడవుతుంది, రోజూ వాళ్లే సరిచూసుకోవాలి. ఒక్కో కప్పుకు సరిపడా పొడి నింపి మూసిన చిన్న క్యాప్సూళ్లతో కాచే క్యాప్సూల్ మెషీన్ ఒక్కటే ఉన్న ఇంటికి దానికి సరిపోయే క్యాప్సూళ్లు తప్ప ఇంకేం ఇచ్చినా వృథా. కానుక సంగతి దాచాలంటే వాళ్ల ఇంట్లోవాళ్లనే మెల్లగా అడగండి. అదీ కుదరకపోతే డ్రిప్ బ్యాగులే క్షేమం, కప్పూ వేడినీళ్లూ లేని ఇల్లుండదు.

ఎంత వేయించింది, ఎక్కడిది

దోరగా వేయించిన గింజలో పుట్టిన నేల రుచి ఎక్కువగా వినిపిస్తుంది. పూల వాసన, పండ్ల పులుపు తెలుస్తాయి. నల్లగా వేయించిన దానిలో రోస్ట్ రుచే పైన ఉంటుంది, చేదు, మాడిన చక్కెర, కోకో లాంటి బరువైన రుచులు. నడిమి రోస్ట్ రెంటినీ కలుపుకుపోతుంది. పాలతో తాగేవాళ్లకు నడిమి నుంచి ముదురు రోస్ట్ బాగుంటుంది, ఎందుకంటే పాలు సున్నితమైన రుచులను కప్పేస్తాయి. పాలూ చక్కెరా లేకుండా తాగేవాళ్లు, కొత్త రుచుల కోసం వెతికేవాళ్లు దోర రోస్ట్‌ను మెచ్చుకుంటారు. అలవాటు లేనివాళ్లకు దోర రోస్ట్ ఇస్తే పులిసిపోయిందేమో అనుకుంటారు. కానుక ఇచ్చేటప్పుడు మన రుచిని అవతలివాళ్ల మీద రుద్దకూడదు. వాళ్ల అభిరుచి తెలియకపోతే నడిమి రోస్ట్ తీసుకోండి.

నిలవ లెక్కలోనూ తేడా ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ముదురు రోస్ట్ గింజ బాగా గుల్లబారి ఉంటుంది కాబట్టి వాయువును త్వరగా వదిలేస్తుంది. నూనె పైకి తేలి గింజ మెరుస్తుంది. ఆ నూనెకు గాలి తగిలితే త్వరగా ముక్కిపోతుంది. దోర రోస్ట్ గింజ గట్టిగా ఉంటుంది, వాయువును నిదానంగా వదులుతుంది, కుదురుకోవడానికి ఎక్కువ రోజులు తీసుకున్నా నిలవ కూడా ఎక్కువే. దూరం పంపాలన్నా, ఎప్పుడు విప్పుతారో తెలియకపోయినా దోర లేదా నడిమి రోస్ట్ నయం. ముదురు రోస్ట్ నేరుగా చేతికి ఇచ్చేటప్పుడు, వారం పది రోజుల్లో వాడతారని తెలిసినప్పుడు ఇవ్వండి.

దేశాల సంగతి క్లుప్తంగా. ఇథియోపియా యిర్గచెఫె ప్రాంతపు గింజ పూల వాసనకూ నిమ్మ పులుపుకూ పేరుమోసింది. కెన్యా కాఫీలో పులుపు ఉషారుగా ఉంటుంది. బ్రెజిల్ గింజ పులుపు తక్కువ, పప్పుల రుచీ చాక్లెట్ రుచీ ఎక్కువ, దాదాపు అందరికీ నచ్చుతుంది. సుమత్రా కాఫీలో బరువు, మట్టి వాసన. ఒకే ప్రాంతపు గింజకు బదులు బ్లెండ్, అంటే వేర్వేరు గింజల మిశ్రమం, ఇవ్వడం తక్కువేమీ కాదు. రోజూ పాలతో తాగే ఇంటికి మంచి బ్లెండే సరైన ఎంపిక.

పేరు చూసి కొనే రెండు ఖరీదైన కాఫీల గురించి చెప్పాలి. ఒకటి గేషా. ఇథియోపియాలో పుట్టిన ఈ రకం 2004లో పనామాలోని ఎస్మెరాల్డా తోట నుంచి అక్కడి పోటీకి వచ్చి గెలిచాక లోకమంతా తెలిసింది. మల్లెపూల వాసనతో పలుచగా, తేనీటిలా ఉంటుంది. పోర్ ఓవర్ చేసుకుని ఉత్తదే తాగేవాళ్లకు ఇస్తే పండగే. పాలు కలిపేవాళ్లకు ఇస్తే దాని ప్రత్యేకత ఏదీ మిగలదు, ఆ డబ్బుతో మామూలు మంచి కాఫీ నాలుగైదు ప్యాకెట్లు వస్తాయి. రెండోది పునుగుపిల్లి తిని విసర్జించిన గింజలతో చేసే కోపి లువాక్. దీన్ని కొనవద్దని గట్టిగా చెబుతాను. అడవిలో ఏరిన గింజలని రాసినా, చాలాచోట్ల ఆ జంతువులను ఇరుకు బోనుల్లో బంధించి కాఫీ పండ్లే మేపుతున్నారని వెలుగులోకి వచ్చింది. రుచిలోనూ ఆ ధరకు తగ్గ గొప్పదనం లేదు.

సుగంధాలు కలిపిన కాఫీ, అంటే హేజల్‌నట్, వెనిలా లాంటివి, వాళ్లు అడిగితే తప్ప వద్దు. ఆ వాసన గ్రైండర్‌కు పట్టుకుని తర్వాత వేసే ప్రతి గింజకూ అంటుకుంటుంది. కెఫీన్ పడనివాళ్లకు, నిద్ర పట్టక సాయంత్రం కాఫీ మానేసినవాళ్లకు డీకాఫ్ (కెఫీన్ తీసేసిన కాఫీ) మంచి కానుక. మామూలు గింజ కంటే కాస్త త్వరగా పాతబడుతుంది కాబట్టి చిన్న ప్యాకెట్ చాలు. గర్భిణులకు రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ మించవద్దని ఐరోపా ఆహార భద్రతా సంస్థ సూచించింది, కాఫీ ఇష్టపడే కాబోయే అమ్మకు డీకాఫ్ ఇస్తే ఎంత సంతోషిస్తుందో!

ఎంత ఇవ్వాలి

ఒక కప్పుకు సుమారు 15 గ్రాముల పొడి పడుతుంది. రోజుకు రెండు కప్పులు తాగే ఒక్క మనిషికి రోజుకు 30 గ్రాములు. 250 గ్రాముల ప్యాకెట్ ఎనిమిది రోజులకు వస్తుంది. ఇద్దరు తాగే ఇల్లయితే నాలుగు రోజులే. దీన్ని బట్టి చూస్తే ఒంటరిగా ఉండేవాళ్లకు 250 గ్రాములు, కుటుంబానికి 500 గ్రాములు సరైన కొలత. పెద్ద కానుకలా కనిపించాలని కిలో ప్యాకెట్ ఇస్తే, ఒక్కరే తాగే ఇంట్లో చివరి పావుకిలో తాగేసరికి నెల దాటుతుంది. అదే డబ్బుతో రెండు మూడు రకాలు చిన్న ప్యాకెట్లలో ఇవ్వండి. ఒకటి విప్పి వాడుతుంటే మిగతావి మూసే ఉంటాయి, రుచులు పోల్చి చూసుకునే సరదా కూడా దొరుకుతుంది. ఇంకా ఎక్కువ ఇవ్వాలనిపిస్తే నెలనెలా ఒక ప్యాకెట్ ఇంటికి పంపేలా మూడు నెలలకో ఆరు నెలలకో చందా కట్టండి. ప్రతిసారీ కొత్తగా వేయించిందే అందుతుంది. నాకు అన్నిటికంటే నచ్చిన కానుక ఇదే.

ప్యాకెట్ అందమా, ప్యాకెట్ పనా

చూడ్డానికి సాదాగా ఉన్నా లోపల రేకు పొరతో, ముందువైపు బొత్తాం లాంటి వాల్వ్‌తో వచ్చే సంచీ మంచిది. ఆ వాల్వ్ లోపలి వాయువును బయటికి పంపుతుంది, బయటి గాలిని లోపలికి రానివ్వదు. వాల్వ్ లేకపోతే కొత్త గింజలున్న సంచీ బెలూన్‌లా ఉబ్బుతుంది. అలా కాకుండా ఉండాలంటే వేయించాక గింజలను కొన్నాళ్లు బయట ఆరబెట్టి మూయాలి, ఆ ఆరబెట్టడంలోనే పరిమళం కొంత పోతుంది. గాలి తీసేసి ఇటుకలా గట్టిగా బిగించిన పొడి ప్యాకెట్ల కథ ఇదే. అమెరికాలో ఎడ్విన్ నార్టన్ కనిపెట్టిన వాక్యూమ్ పద్ధతిని హిల్స్ బ్రదర్స్ సంస్థ 1900లో కాఫీ డబ్బాలకు వాడింది. రవాణాకు, నెలల నిలవకు అది పెద్ద మేలు చేసింది. వాయువు ఒత్తిడితో డబ్బాలో కాఫీని కాపాడే పద్ధతిని ఇటలీలో ఇల్లీ సంస్థ 1930లలో తెచ్చింది. అలాంటి డబ్బా విప్పితే సోడా సీసా మూత తీసినట్టు బుస్సుమంటుంది. ఎప్పుడు వాడతారో తెలియనివాళ్లకు ఈ డబ్బాలు నిజంగా పనికొస్తాయి. కానీ విప్పిన మరుక్షణం నుంచి ఈ డబ్బాలకూ మామూలు సంచీలకూ తేడా లేదు, గాలి అన్నిటినీ ఒకేలా తింటుంది.

కానుక అందంగా కనబడాలని గింజలను గాజు సీసాలోకి మార్చి రిబ్బను కట్టడం మాత్రం వద్దు. మార్చేటప్పుడే కొత్త గాలి చేరుతుంది, గాజులోంచి వెలుతురు పడుతుంది, పైన ఖాళీ చోటంతా గాలే. అలంకారమంతా పైపెట్టెకు చేయండి, సంచీని అలాగే లోపల పెట్టండి. సంచీతో పాటు ఖాళీ డబ్బా ఇస్తే ఇంకా మంచిది.

వాళ్లింట్లో ఎలా దాచుకోవాలి

ఏదీ కొనక్కర్లేని పద్ధతి ముందు చెబుతాను. వచ్చిన సంచీలోనే ఉంచి, ప్రతిసారీ గాలి బయటికి నొక్కేసి, జిప్ ఉంటే జిప్, లేకపోతే అంచు గట్టిగా మడిచి క్లిప్పు పెట్టి, పొయ్యికి దూరంగా అలమరలో పెట్టడం. రెండు వారాల్లో తాగేసేవాళ్లకు ఇంతకంటే అవసరం లేదు.

డబ్బా కావాలంటే లోపలి మూత గింజల మీదికి దిగి గాలిని బయటికి తోసే రకం నాకు నచ్చుతుంది. సగం ఖాళీ అయినా గాలికి చోటుండదు. పంపుతో గాలి లాగేసే వాక్యూమ్ డబ్బాలు కూడా పనిచేస్తాయి, కాకపోతే గింజలు వదిలే వాయువుతో వాక్యూమ్ తగ్గుతుంటుంది కాబట్టి మళ్లీ మళ్లీ లాగాలి. రబ్బరు అంచుతో బిగించే మామూలు స్టీలు డబ్బా కూడా ఫరవాలేదు, గింజలు నిండుగా ఉన్నప్పుడు. పావు వంతుకు తగ్గాక చిన్న డబ్బాలోకి మార్చండి.

ఫ్రిజ్‌లో పెట్టాలా? వద్దు. ఫ్రిజ్ మాటిమాటికీ తెరుస్తాం. చల్లటి గింజల మీద బయటి తేమ చెమ్మగా దిగుతుంది. ఉల్లిపాయ, పచ్చళ్ల వాసన మూత సందుల్లోంచి వెళ్లి కాఫీకి పడుతుంది. అక్కడి చల్లదనం వల్ల వచ్చే లాభం ఈ నష్టాల ముందు చాలా చిన్నది.

డీప్ ఫ్రీజర్ సంగతి వేరు. సరిగ్గా చేస్తే అది కాఫీకి అన్నిటికంటే మంచి నిలవ. గింజలు మంచి వయసుకు వచ్చాక, అంటే వేయించిన వారం పది రోజులకు, వారానికి సరిపడా చొప్పున చిన్న సంచుల్లో గాలి లేకుండా మూయాలి. వాల్వ్ ఉన్న సంచీ అయితే దాన్ని ఇంకో జిప్ సంచీలో పెట్టాలి. కావాల్సినప్పుడు ఒక్క సంచీ తీసి, విప్పకుండా రాత్రంతా బయట ఉంచాలి. గది వేడికి వచ్చాకే విప్పాలి, ముందే విప్పితే గాలిలోని తేమ గింజల మీద నీటి చుక్కలవుతుంది. ఒకసారి బయటికి తీసిన సంచీని మళ్లీ లోపల పెట్టకూడదు. ఒక్కో కప్పుకు సరిపడా పొట్లాలు కట్టుకునే ఓపికున్నవాళ్లు కరిగించకుండా నేరుగా మరలో వేయొచ్చు. గింజ ఎంత చల్లగా ఉంటే పొడి అంత సన్నగా, ఒకే తీరుగా వస్తుందని క్రిస్టఫర్ హెండన్ బృందం 2016లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో తేలింది.

తాజాదనం ఇంకా ఉందో లేదో తెలుసుకోవడానికి పరికరాలేవీ అక్కర్లేదు. పొడి మీద కాసిని వేడినీళ్లు పోసి అర నిమిషం చూడండి. పొంగి, బుడగలొస్తే గింజలో వాయువు ఇంకా ఉన్నట్టే. ముద్దలా తడిసి ఊరుకుంటే వయసు మీరింది. పొడి వాసన అట్టపెట్టెలాగో ముక్కిపోయిన నూనెలాగో ఉంటే ఇక దాన్ని తాగడం కంటే మొక్కల ఎరువు కుప్పలో కలపడం మంచిది.

కానుకతో పాటు ఒక చిన్న చీటీ పెట్టండి. వేయించిన తేదీ, ఏ రోజు నుంచి తాగితే బాగుంటుంది, విప్పాక ఎన్నాళ్లలో ముగించాలి, లీటరు నీటికి 60 గ్రాముల పొడితో మొదలుపెట్టమని ఒక వాక్యం, ఫ్రిజ్‌లో పెట్టొద్దని ఇంకో వాక్యం. పుచ్చుకునేవాళ్లు ఊళ్లో లేరని, నెల తర్వాత గానీ రారని తెలిస్తే గింజలు పంపడం ఆపి, వచ్చాక వాళ్లే ఆర్డర్ పెట్టుకునేలా రోస్టర్ ఇచ్చే గిఫ్ట్ కార్డు పంపండి. ఇప్పటికే కొనేసి ఉంటే ప్యాకెట్ విప్పకుండా మీ ఫ్రీజర్‌లోనే ఉంచి, ఇచ్చే ముందు రోజు రాత్రి బయటికి తీసి, ఎన్నాళ్లు గడ్డకట్టి ఉందో చీటీ మీద రాసి ఇవ్వండి.